ఎబోలికి నావల: యాత్రావాఙ్మయమున నొక విచారము

యూరపుఖండమునకు సంబంధించిన నేఁటి యాత్రారచనలలో నొక తెగ మిక్కిలి ప్రబలియున్నది. జనసమ్మర్దము చేరకముందే చూచి రావలసిన యూళ్లను బేర్కొని, వానికిఁ బోవు త్రోవలను, దిగఁదగిన విడుదులను, రుచిచూడఁదగిన వంటకములను దెలుపుట యీ తెగవారి పని. ఈ రచనలకుఁ గారణము లేకపోలేదు. వెనిస్ నగరమున యాత్రికుల తాఁకిడి మితిమీఱుటచే, రాత్రి నిలువక పగలు మాత్రమే చూచిపోవువారికడఁ గొన్ని దినములందు అయిదు యూరోల రుసుము గైకొనుట 2024వ సంవత్సరము ఏప్రిలులో నారంభమయ్యెను. అట్టి నగరములతో విసిగినవారికి, ఎవ్వరు నెఱుఁగని యూరొకటి చూపెదమను మాట చెవికింపుగా నుండుట సహజము. ఆ మాటలోని చిక్కును బలువు రిదివఱకే గుర్తించిరి. ఎవ్వరు నెఱుఁగని చోటని వేలమందికిఁ జాటినంతనే యది యందఱెఱిఁగిన చోటగును. ఈ వైరుధ్యము పరిహాసమునకుఁ దగినదే కాని విమర్శకు నంతతోఁ దృప్తి కలుగదు. అంతకంటె లోతైన లోపము వేఱొకటి కలదు.

"జనము రాకముందు" అన్నప్పుడు జనమనఁగా నెవ్వరు? ఆ యూరఁ బుట్టి, ఆ నేలఁ బండించి, ఆ మన్ననే కలసిపోవువా రీ లెక్కలోఁ జేరుచున్నారా, లేదా? ఊరు నిర్జనముగా నుండుట యేల? ఎప్పటినుండి? ఈ ప్రశ్నలను యాత్రారచయితలు సామాన్యముగా వేసికొనరు. దక్షిణ ఇటలీయందలి లూకానియాసీమను గూర్చి కార్లో లేవి రచించిన 'క్రీస్తు ఎబోలికడ నిలిచిపోయెను' అను గ్రంథమును, ఆ గ్రంథముతో ముడివడిన రెండూళ్ల చరిత్రమును జోడించి చూచినచో నీ ప్రశ్నల బరువు తెలియును. ఆ యూళ్లలో నొకటి మతేరా, నేఁడు జనాకీర్ణము. రెండవది అలియానో, నేఁటికిని నిశ్శబ్దము. గ్రంథమునఁ బ్రధానస్థానము రెండవదానిదే కాని మొదటిదానిది కాదనుట యిందలి విశేషము.

అసలు విషయమునకుఁ బోవుటకు ముందు, గ్రంథమొకటి యూరి పేరును మార్చివేసిన పూర్వోదాహరణమును స్మరింపవలసియున్నది. బెల్జియము దేశమునందలి బ్రూజ్ మధ్యయుగమున గొప్ప వర్తకస్థానము. సముద్రపుఁబాయ మేటవేసి పూడిపోఁగా వర్తకము తొలఁగెను, ఊరు పేదదయ్యెను. 1892లో జార్జి రోడెన్‌బాక్ అను కవి ఫ్రెంచిభాషలో 'మృతనగరి బ్రూజ్' అను చిన్ననవలను బ్రకటించెను. భార్యను గోల్పోయిన యొకఁడు తన దుఃఖమునకుఁ దగిన యూరని బ్రూజ్‌ను వెదకికొని వచ్చి, చచ్చినదానిని బోలిన యొక యాఁడుదానిని జూచి భ్రమించి, తుదకు దానిని జంపుట యిందలి కథ. నవలలో నూరి ఛాయాచిత్రములు చేర్పఁబడినవి. కాలువలు, గోపురములు, వంతెనలు మెండు, నరసంచారము బహుస్వల్పము. ఊరే నవలలో నొక పాత్రమని రచయిత యుద్దేశము. ఆ యుద్దేశము కళాదృష్టిచే నెఱవేఱినది కూడ. దానిని జదివి, ఆ నిర్జీవసౌందర్యమును గన్నులారఁ జూడవలెనని దూరదేశములనుండి జనులు రాసాగిరి.

ఊరివారి కోరిక వేఱు. వారికి రేవు కావలెను, పనులు కావలెను. సముద్రతీరమున జేబ్రూజ్ అను క్రొత్తరేవు 1907లోఁ బ్రారంభింపఁబడెను. రేవును గూర్చిన యీ వివాదమే రోడెన్‌బాక్ 1897లోఁ బ్రకటించిన మఱియొక నవలకు నేపథ్యము. అందును నతఁడు పూర్వసౌందర్యపక్షమునే వహించెను. 1898లో నతఁడు మరణింపఁగా స్మారకశిల్పమును బ్రూజ్‌లో నిలుపవలెనని యభిమానులు తలంచిరి. పురవాసు లంగీకరింపరైరి. జార్జి మిన్నె చెక్కిన యా శిల్పము 1903లో గెంట్ నగరమున నిలువఁబడెను. తమ్ము శవములని వర్ణించినవానికిఁ దమ యంగటివీథిలోఁ జోటీయకుండుట కృతఘ్నత యని కొందఱనిరి. బ్రతికియున్నవాని యింటిని శ్మశానమని పొగడుట యెట్టిదో వా రాలోచింపలేదు. అయినను గెలిచినది నవలయే. నేఁడు బ్రూజ్ చూచుటకుఁ బోవువారిలోఁ బెక్కండ్రు రోడెన్‌బాక్ పేరైన వినియుండకపోవచ్చును. వారు వెదకు బ్రూజ్ మాత్ర మతఁడు కల్పించినదే.

కార్లో లేవి కథ దీనికి భిన్నము. అతఁడు 1902లోఁ దూరిన్ నగరమున జన్మించెను. వైద్యశాస్త్రము చదివి పట్టము నొందినను, చిత్రలేఖనమునే వృత్తిగాఁ గొనెను. ఫాసిస్టుప్రభుత్వమునకు విరోధులైన వారితోఁ గలసి పనిచేయుటచేఁ జెఱపట్టఁబడి, 1935లో లూకానియాకు నిర్బంధవాసమునకై పంపఁబడెను. మొదట గ్రస్సానో యను నూర నుంచి, పిమ్మట నలియానోకు మార్చిరి. అబిసీనియాయుద్ధమున జయము గలిగినదని ప్రభుత్వము 1936లోఁ గొందఱను విడిచిపుచ్చినప్పుడు లేవియును విడుదల నొందెను. గ్రంథరచన మాత్రము వెంటనే జరగలేదు. జర్మనులు నిండిన ఫ్లారెన్సు నగరమున దాఁగియున్న కాలమున, 1943, 1944 సంవత్సరములలో దానిని వ్రాసెను. 1945లో నది ముద్రితమయ్యెను. ఒక చెఱలోఁ గూర్చుండి మఱియొక చెఱను స్మరించిన గ్రంథమిది. చూచినదానికిని వ్రాసినదానికిని నడుమ గడచిన యేడెనిమిదేండ్ల యంతరము, గ్రంథమునకుఁ గలసివచ్చిన గుణములలో నొకటి. దినచర్యయందలి చిల్లరవిషయములు రాలిపోయి, నిలువఁదగినవి నిలిచినవి.

ఎబోలి యనునది సలెర్నో నగరమునకు సమీపమున నున్న పట్టణము. రైలుమార్గమును, రాదారియు నచ్చట సముద్రతీరమును విడిచి లోనాటికిఁ దిరుగును. క్రీస్తు అంతవఱకే వచ్చి నిలిచిపోయె ననుట లూకానియా కృషీవలుల నానుడి. వారి నోట క్రైస్తవుఁ డనఁగా మనుష్యుఁడని యర్థము. కావున, తమ్మెవ్వరును మనుష్యులలో లెక్కింపలేదనుటయే యా నానుడికి భావము. ఇది మతవిషయికమైన ఫిర్యాదు గాదు. రాజ్యమును గూర్చిన ఫిర్యాదు. గ్రంథనామము నింతమాత్రము సరిగాఁ దెలిసికొన్నవారికి గ్రంథము సగము బోధపడినట్లే.

గ్రంథమున నలియానోకు గల్యానో యని పేరు. స్థానికోచ్చారణము ననుసరించి రచయిత యట్లు వ్రాసెను. ఊరు తెల్లని బంకమట్టి గుట్టలమీఁద నున్నది. వానకుఁ గరఁగి జాఱు నేల అది. చుట్టును జెట్టులేని లోయలు, కోఁతపడిన గట్లు. లేవి వైద్యము మానివేసియుండియు, జబ్బుపడినవారి బంధువు లింటిముందు నిలిచి బ్రతిమాలఁగాఁ జికిత్సకుఁ బూనుకొనెను. అధికారులు దానిని నిషేధించిరి. ఊరి పెద్దలు, ఒకరినొకరు ద్వేషించు నుద్యోగులు, తాగుబోతైన గురువు, మంత్రతంత్రముల నెఱిఁగిన పనికత్తె జూలియా, ఊరి చాటింపు వేయువాఁడు, పందులకు వైద్యము చేయువాఁడు - ఇట్టి జనముతో గ్రంథము నిండియున్నది. ప్రకృతివర్ణన లేకపోలేదు గాని యది యెల్లప్పుడును మనుష్యులకు వెనుకతెరగానే యుండును. యాత్రాగ్రంథ మని పిలిచినచో నిందు యాత్ర లేదు. కదలఁగూడదని శాసింపఁబడినవాని గ్రంథ మిది. లేవి నడువఁగల దూరము శ్మశానభూమివఱకే. గొప్ప యాత్రాగ్రంథములలో నొకటి కదలలేనివాఁడు వ్రాయుట చిత్రముగాఁ దోఁచును గాని, చూపు నిలుచుటకుఁ గాలు నిలువవలెనను న్యాయ మిందుఁ గానవచ్చుచున్నది.

ఇఁక మతేరా. ఈ నగరము గ్రంథమునఁ గొలఁది పుటలు మాత్రమే యాక్రమించును. అవియును లేవి స్వయముగాఁ జూచి చెప్పినవి గావు. అతని యక్క లూయీసా వైద్యురాలు. తమ్ముని జూచుటకుఁ దూరిన్‌నుండి వచ్చుచు, జిల్లాకు ముఖ్యపట్టణమైన మతేరాలోఁ బోలీసువారి యనుమతి పొందవలసి యాఁగెను. అక్కడఁ దాను జూచినదానిని దమ్మునికిఁ జెప్పెను. లోయ కిరువైపులను రాతిని దొలిచిన గుహలే యిండ్లు. ఒకదాని కప్పు మఱియొకదానికి వీథి. తలుపులు తెఱచియుండఁగా లోపల మనుష్యులును, మేకలును, పందులును నొక్కచోటనే పండుకొనియుండుటను జూచెను. చలిజ్వరముతోఁ బొట్టలుబ్బి, కన్నులకు ఈఁగలు ముసరిన పిల్లలను జూచెను. ఆమెను వెంబడించిన పిల్లలు కాసులు గాక క్వినైను మాత్రలు యాచించిరి. ఈ యొక్క విషయముతో నీ భాగము చదివినవారి మనస్సున నెన్నఁటికిని నిలిచిపోవును.

ఈ పుటల నిర్మాణము పరిశీలింపఁదగినది. చిత్రకారుఁడైన లేవి తాను జూచిన ప్రతివస్తువును రంగులతోఁ జెప్పువాఁడు. మతేరాను మాత్రము వైద్యురాలి నోటఁ జెప్పించెను. దీనికిఁ గారణము తా నప్పుడు చూడకపోవుట మాత్రమే యని చెప్పిన నది చాలదు. అట్టి సందర్భమున సంగ్రహముగాఁ జెప్పి విడిచిపెట్టవచ్చును. వైద్యురాలి చూపు సౌందర్యమును వెదకదు. రోగమును, కారణమును వెదకును. ఆమె కా లోయ నరకమును బోలినదిగాఁ గనఁబడినను, ఆ పోలికకడ నామె నిలువక పిల్లల కన్నులను బరీక్షించెను. మతేరాను గూర్చి తరువాత వ్రాసినవారిలో ననేకులు పోలికను గైకొని పరీక్షను విడిచిరి. నేఁటి యాత్రికుఁడు నామె దిగిన త్రోవనే నిలిచి పైనుండి చూచును. దిగిన పిదప నతనికిఁ గనఁబడునది విడిదిగదుల వరుస.

ఈ మార్పెట్లు వచ్చినది? 1948లోఁ బాల్మిరో తొల్యాత్తి యను కమ్యూనిస్టు నాయకుఁడు మతేరాను దర్శించి, యీ గుహావాసము జాతికిఁ దలవంపని చాటెను. 1950లోఁ బ్రధానమంత్రి దె గాస్పెరి స్వయముగా వచ్చి చూచెను. 1952లో శాసనము చేయఁబడి, గుహలలోని జనమును గ్రొత్తయిండ్లకు మార్పసాగిరి. అట్లు మార్పఁబడినవారు సుమారు 15,000మంది. నాఁటి పురజనసంఖ్యలో సగమునకు మించిన వారు. లూదొవీకో క్వరోని మొదలగు వాస్తుశిల్పులు లా మార్తెల్లా యను గ్రామమును వారికై నిర్మించిరి. క్రొత్తయిండ్లలో నీరు, వెలుతురు, మఱుఁగుదొడ్డి కలవు. లోయలోని యిరుగుపొరుగు లేదు. కొందఱు సంతసించిరి, కొందఱు దుఃఖించిరి, చాలమంది రెండును జేసిరి. క్వినైనుకై చేయిచాచిన పిల్లల స్థితిని దలఁచినచో, ఆ తరలింపు తప్పనుట కష్టము. చక్కని పాత లోకమును రాజ్యము ధ్వంసము చేసినదని యిప్పుడు వ్రాయువారు, ఆ లోకమున శిశువులెందఱు చనిపోయిరో చెప్పవలసిన బాధ్యత గలవారు.

గుహలు శూన్యములయ్యెను. 1964లోఁ బసొలీని 'మత్తయి సువార్త' యను చలనచిత్రమును బ్రకటించెను. పాలస్తీనాదేశమునకుఁ బోయి చూచి, అది తన కథకు మిక్కిలి నవీనమై కనఁబడఁగా, యెరూషలేమునకు బదులు మతేరాను గైకొనెను. క్రీస్తు ఎబోలికడ నిలిచెనని గ్రంథము చెప్పఁగా, చలనచిత్రకారు లాయనను మతేరాకే తోడ్కొనివచ్చిరి! 2004లో మఱియొక చలనచిత్రమునకును నా గుహలే యెరూషలేమయ్యెను. ఈ నడుమ 1986లో గుహల పునరుద్ధరణమునకు శాసన మేర్పడెను. 1993లో యునెస్కోవారు వానిని బ్రపంచవారసత్వస్థలములలోఁ జేర్చిరి. 2019వ సంవత్సరమునకు మతేరా యూరపు సంస్కృతిరాజధానిగా నుండెను. జాతికిఁ దలవంపని చెప్పఁబడిన గుహలు నేఁడు పెక్కు ధనము పోసి రాత్రి గడుపు విడుదులు.

ఈ చరిత్రమును దృష్టియందుంచుకొని "జనము రాకముందు" అను మాటను మరలఁ జూడవలెను. మతేరాకుఁ "జనము రాకముందు" అనుకాలము 1960 మొదలు 1990 వఱకుఁ గల కాలము. ఆ కాలమున నక్కడి సొగసైన నిశ్శబ్దము, అక్కడి జనము తరలింపఁబడుటవలనఁ గలిగినది. యాత్రికుఁడు వెదకిన యేకాంతము మఱియొకరి వియోగము. ఆ యర్థమున "జనము రాకముందు" అనునది "జనము పోయినతరువాత" అను మాటకు మాఱుపేరు మాత్రమే. ఈ భేదము నెఱిఁగి వ్రాసిన యాత్రారచన యిపుడు మిక్కిలి యరుదు.

దీనికి లేవియే కొంత కారకుఁడని చెప్పుట న్యాయము. లూకానియాలోఁ గాలము లేదు, చరిత్ర లేదు, రాజ్యము లేదు అను నర్థము వచ్చునట్లు గ్రంథారంభమున నతఁడు వ్రాసెను. ఆ మాటలు గంభీరముగా నున్నవి. చదువరి చెవులలో మ్రోఁగును. కాలము నిలిచిపోయిన దేశమని విడిదిగృహములవారి కరపత్రములందుఁ గనఁబడు వాక్యములకు మూలమును వెదకినచో నీ పుటలకే చేరవలసియుండును. ఎర్నెస్తో దె మార్తీనో యను మానవశాస్త్రజ్ఞుఁడు 1950 తరువాత లూకానియాలోఁ దిరిగి, మంత్రతంత్రములను, ఏడ్పుపాటలను బరిశోధించి, వానిని దీర్ఘమైన చరిత్రములో నిమిడ్చి చూపెను. లేవి యే విశ్వాసములను గాలాతీతములని తలంచెనో, అవి పేదఱికమునకును, భయమునకును జనులు కల్పించుకొన్న ప్రత్యుత్తరములని యతని మతము.

అయితే లేవిని లేవియే ఖండించుట గ్రంథముయొక్క గొప్పతనము. ఆరంభమున లేదన్న చరిత్ర లోపలి ప్రతి ప్రకరణమునను గలదు. మేకలపైఁ బన్ను విధింపఁబడఁగా, పన్ను కట్టలేనివారు మేకలను గోసికొనిన వృత్తాంత మున్నది. ఇటలీ యేకీకరణము తరువాత నడవులఁ జేరిన బందిపోటుల కథలు, వానిని నిన్నటిదానివలెఁ జెప్పుకొను ముసలివాండ్రు ఉన్నారు. అబిసీనియాయుద్ధము తమది గాదని యూరకుండు యువకు లున్నారు. అన్నిటికంటె నమెరికా యున్నది. ఊరి మగవారిలో సగముమంది యమెరికాకుఁ బోయినవారు. కొందఱు తిరిగివచ్చి, కొన్న పొలమును గోల్పోయి, వచ్చిన తప్పిదమునకు వగచువారు. గుడిసెలలో విజ్జానో మేరీమాత పటమున కెదురుగా నమెరికా రాష్ట్రపతి రూజువెల్టు పటము వ్రేలాడుచుండెను. రోముకంటె న్యూయార్కే తమ రాజధానియని తలంచు నూరు కాలము నిలిచిపోయిన యూరెట్లగును? ఉపోద్ఘాతమునకు మించి పుస్తకము చదువనివా రా వాక్యములను గైకొని యీ పటములను విడిచిపెట్టిరి. గ్రంథాంతమున లేవి గ్రామములకు స్వయంపాలనము కావలెనని చేసిన వాదమును వారి రచనలలో మచ్చునకైనఁ గానము.

యాత్రారచనకుఁ గొలమానము సౌందర్యదృష్టి మాత్రమే గాదని తెలుఁగు పాఠకులకు వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. ఏనుఁగుల వీరాస్వామయ్య 1830లోఁ గాశికి బయలుదేఱి, మజిలీ మజిలీకిని నీటివసతిని, అంగళ్లను, జనుల నడవడిని వ్రాసికొనుచుఁ బోయెను. అతని వాక్యము లలంకారదూరములు. అయినను నా యూళ్లలో నెవరుండిరో, యేమి తినిరో నేఁటికిని దెలియుచున్నది. నేఁటి రమణీయరచనలు నూఱేండ్లకుఁ బిదపఁ జదువఁబడినచో, ఆ యూళ్ల సూర్యాస్తమయమును దప్ప మఱేమియుఁ దెలుపఁజాలవు.

ఇంత చెప్పిన పిదప, అలియానోకుఁ బోవలెనా యని యెవరైన నడిగినచో, పోవలెననియే చెప్పవలసియున్నది. అక్కడి జనసంఖ్య నేఁడు వేయికి లోపు. రైలు లేదు, అగ్రీ నదిలోయనుండి మెలికలు తిరుగుచు నెక్కు త్రోవ కలదు. తెల్లని గట్లు గ్రంథమునఁ జెప్పఁబడినట్లే వానకు వానకు జాఱుచున్నవి. బెర్సల్యేరె గొయ్యి యను లోయ యూరి యంచుననే యున్నది. లేవి నివసించిన యిల్లు సంరక్షింపఁబడియున్నది. డాబామీఁదఁ గూర్చుండి యతఁడు చిత్రములు వ్రాసిన చోటు చూడవచ్చును. కిటికీలు కన్నులవలెను, మెట్లు నోటివలెను గనఁబడు నిల్లొకటి చూపుదురు. మాఘఫాల్గునములలో వచ్చు కార్నివాలు పండుగకుఁ గొమ్ములుగల ముసుఁగులు ధరించి జనులు వీథులఁ దిరుగుదురు. ఫ్రాంకో అర్మీనియో యను కవి ప్రారంభించిన, చంద్రుని పేరను సుద్దలోయల పేరను వెలసిన ఆగస్టునెల యుత్సవమునకుఁ గవులును, గాయకులును వత్తురు. జనులు విడుచుచున్న యూళ్లను గూర్చి వ్రాయుటయే యీ కవి జీవితకార్యము. అట్టివాఁ డలియానోను వరించుట యుచితము.

అలియానో నిశ్శబ్దము మతేరా నిశ్శబ్దము వంటిది గాదు. రాజ్యము జనమును దరలింపలేదు. జీవనము లేక జనమే తరలిపోయెను. వెనుకటివారు న్యూయార్కునకుఁ బోఁగా, తరువాతికాలమువా రుత్తరఇటలీకిని, జర్మనీకిని బోయిరి. ఇట్టి యూరికి యాత్రికుఁడు వచ్చుట యుపద్రవమని చెప్పుట, ఊరివారి పక్షమునఁ బలుకుట గాదు. కాఫీ యంగడి తెఱచియుండవలె నన్నచో వచ్చువారు కావలెను. పదిమంది వచ్చుటకును బదివేలమంది వచ్చుటకును నడుమఁ గల యంతర మెంతయో మతేరావారిని గనుఁగొనవచ్చును. ఆ యంతరమును నిర్ణయించు నధికారము యాత్రికునిది గాదు, ఊరిదే. కావున "జనము రాకముందు పొండు" అనుటకంటె, "అక్కడి జనమింకను నుండఁగాఁ బొండు" అని వ్రాసినచో నా రచన సత్యమునకు దగ్గఱయగును. సమీపమునఁ గ్రాకో యను నూరున్నది. 1963లోఁ గొండచరియలు జాఱుటచే జనులు లోయలోని క్రొత్తయూరికి మార్పఁబడిరి. పాతయూరు శూన్యముగా గుట్టపై నిలిచియున్నది; తలకుఁ దొడుగు పెట్టుకొని, దారిచూపువానివెంట లోపలికిఁ బోవలెను. దయ్యాలయూరని దానికిఁ బ్రకటనలందుఁ బేరు. ఆ యూరఁ బుట్టినవారు క్రిందిలోయలో సజీవులై యున్నారు.

మతేరా మీఁదుగాఁ బోవువారు పలాజ్జో లాన్‌ఫ్రాంకీ యను సౌధములోని చిత్రశాలను విడువరాదు. ఇటలీ యేకీకరణమునకు నూఱేండ్లు నిండిన సందర్భమునఁ దూరిన్ ప్రదర్శనమునకై లేవి వ్రాసిన 'లూకానియా 61' అను చిత్రమచ్చట నున్నది. పొడవు పదునెనిమిది మీటరులకు మించినది. త్రికారికో యూరికిఁ బురాధ్యక్షుఁడై, ముప్పది యేండ్ల ప్రాయముననే 1953లోఁ గన్నుమూసిన కవి రొక్కో స్కొతెల్లారో యిందలి ప్రధానపాత్రము. అతనిచుట్టును గృషీవలుల ముఖములే. అంగుళమైన నిర్జనస్థల మా పటమున లేదు. సౌధమునకుఁ బ్రక్కనే లోయను జూచు వేదిక కలదు. యాత్రికులు వేదికకడ నిలిచి శూన్యమైన గుహలను ఛాయాచిత్రములు దీసికొందురు. ఆ గుహలలో నుండినవారి రూపములు గోడ కావల నున్నవి.

లేవి 1975 జనవరిలో రోమున మరణించెను. అలియానోలోఁ దన్ను ఖననము చేయవలెనని యతని కోరిక, అట్లే చేసిరి. రోడెన్‌బాక్‌నకు బ్రూజ్ ఱాతినైన నిలువనీయలేదు. తమ దైన్యమునంతయు లోకమునకు వెల్లడించిన లేవికి నలియానోవారు తమ మృతులనడుమఁ జోటిచ్చిరి. సమాధి నిరాడంబరమైనది. నిర్బంధకాలమునఁ బోలీసువారు విధించిన యెల్ల యా శ్మశానభూమియే. ఎండ మిక్కుటమైనప్పుడు లేవి యచ్చటికిఁ బోయి, క్రొత్తగాఁ ద్రవ్విన గోతిలోఁ బండుకొని పుస్తకము చదువుకొనెడివాఁడని గ్రంథమునఁ గలదు. ఆ త్రోవ నేఁటికిని నడువవచ్చును. వేసవి నడుమ నీడ దొరకదు; వసంతకాలము మేలు.